భీమవరంలో మా చీటీల ఆట

ఊళ్ళో దాచిన చీటీలు వెతుక్కునే మా ఆటని పౌర్ణమి మర్నాడే పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఎందుకే అని అందరూ అడిగారు. ఆదివారం కలిసొచ్చిందనో, మాఘమాసం ఇంకా ఎండలు ముదరలేదనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను, అసలు కారణం చెప్తే మూడో చీటీ అక్కడే బయటపడిపోయేది మరి. 1997 ఫిబ్రవరి అది. పౌర్ణమి శనివారం వచ్చింది, ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా అందరూ సైకిళ్ళతో కాలేజీ గేటు దగ్గరుండాలని శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో బోర్డు మీద రాశాం. భీమవరంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఎం.పి.సి. బ్యాచ్. పరీక్షలు నెత్తి మీదున్నాయి, ఆ తర్వాత ఎవరెక్కడుంటామో తెలీదు.

నిజానికి అనుకున్నది ఈ ఆట కాదు, పేరుపాలెం బీచ్‌కి పిక్నిక్. వ్యాను మాట్లాడదాం, తలా కొంత వేసుకుందాం అన్నారు. తీరా చూస్తే ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. భీష్మ ఏకాదశికి క్లాసులో సగం మంది అంతర్వేది తీర్థం వెళ్ళొచ్చారు, జీళ్ళని, ఖర్జూరాలని, రంగులరాట్నాలని జేబులు దులిపేసుకుని వచ్చారు. మిగతా సగానికి సంక్రాంతికి కోడిపందాల దగ్గరే ఖాళీ అయ్యాయి (ఆడపిల్లల్ని ఇందులోంచి తీసెయ్యండి, మాకసలు ఇచ్చేవాళ్ళే కాదు). అప్పుడు నేనన్నాను, పైసా ఖర్చు లేకుండా ఊళ్ళోనే ఒక ఆట ఆడిద్దాం, చీటీలు దాచేది నేను, వెతుక్కునేది మీరు అని. ట్రెజర్ హంటా అన్నాడొకడు. పేరు ఇంగ్లీషులో పెడితే ప్రిన్సిపాల్ గారికి ఏదో పెద్ద వ్యవహారంలా వినపడుతుందని మేం చీటీల ఆట అనే అన్నాం.

నాకు ఈ పిచ్చి మా మామ్మ దగ్గర పట్టుకుంది. చిన్నప్పుడు రాత్రిళ్ళు కరెంటు పోతే అరుగు మీద కూర్చోబెట్టి పొడుపుకథలు విప్పమనేది. విప్పలేకపోతే ఆవిడ జవాబు చెప్పేది కాదు, నాకో ఊరిస్తావా అని అడిగేది. ఊరు ఇస్తే అప్పుడు చెప్పేది. అలా ఉండి, ఆకివీడు, తణుకు అన్నీ నేను మా మామ్మకి రాసిచ్చేసినదాన్నే.

సరే, అనుకోవడం తేలిక, చీటీలు రాయడం మొదలెట్టాక తెలిసింది కష్టం. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఇంట్లో కూర్చుని పుస్తకం తిరగేసి చెప్పగలిగే జవాబు ఒక్కటీ ఉండకూడదు, అక్కడికి వెళ్ళి కళ్ళతో చూస్తేనే తెలియాలి. లేకపోతే మా క్లాసు ఫస్టు వాడొక్కడే గేటు దగ్గర నిలబడి అన్నీ చెప్పేసి ఇంటికెళ్ళి చదువుకునేవాడు. వాణ్ణి డిస్టింక్షన్ అని పిలిచేవాళ్ళం, ఇక్కడ కూడా అలాగే పిలుస్తాను. అంతకుముందు ఊరంటే నాకు ఇంటికీ కాలేజీకీ మధ్య ఉన్న దారే. చీటీ ఎక్కడ దాచాలా అని చూడ్డం మొదలెట్టాక గోడలో సందు, గుడి ముందు కొట్టు, కాలవ గట్టు మీద మైలురాయి, అన్నీ కనపడ్డం మొదలయ్యాయి. యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద నిలబడి, ఇక్కడ పెడితే కాలవలో పడిపోతుందేమో అని ఆలోచిస్తుంటే, ఏమ్మా ఏమైనా పడిపోయిందా అని దారిన పోయేవాళ్ళు ఆగి అడిగేవాళ్ళు.

కలిసి తిరగడం గురించి ఇళ్ళల్లో పెద్ద గొడవే అయింది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒక జట్టుగా ఊరంతా సైకిళ్ళ మీదేంటి అన్నారు. మా లెక్కల మాస్టారు పూచీ ఉంటానని తలుపు తలుపుకీ తిరిగి చెప్పారు కాబట్టి సరిపోయింది. ప్రతి జట్టులోనూ ఇద్దరికి తక్కువ కాకుండా ఆడపిల్లలుండాలి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇళ్ళల్లో ఉండాలి, ఇవీ షరతులు. ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు దానికీ ఒప్పుకోలేదు. మీ ఆట మీరు ఆడుకోండి, నేను మాత్రం స్కూటరు మీద వెనకాలే వస్తాను అన్నారు. వచ్చారు కూడా, హెల్మెట్ పెట్టుకుని మరీ. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

మొదటి చీటీకి మామ్మనే అరువు తెచ్చుకున్నాను.

"అమ్మ కడుపున పడ్డాను, అంతా సుఖమున ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను."

పిడక అని అందరికీ వెంటనే తెలిసింది, పల్లెటూళ్ళ నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ కదా. మరి పిడకలున్న గోడ ఏది? కాలేజీ వెనక వీధిలో ఒక పాలావిడ ఇంటి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పిడకలే, ఒక్కోదాని మీదా అయిదు వేళ్ళ అచ్చు. ముందురోజు సాయంత్రం ఆవిడని అడిగి మా తమ్ముడు ప్లాస్టిక్ కాయితంలో చుట్టిన చీటీల్ని ఎండిన పిడకల వెనక దోపి వచ్చాడు. ఏ పిడకో తెలియడానికి ఒక గుర్తు, వాటి మీద మాత్రం ఆరు వేళ్ళుంటాయి. తమ్ముడే తడిపిడక మీద ఇంకో వేలు నొక్కి ఆరబెట్టి పెట్టాడు. వాడప్పుడు తొమ్మిదో తరగతి, ఆటకి అన్ని పనులూ వాడే చేశాడు, జీతం రోజుకో క్రీమ్ బన్ను.

నేను ఎదురింటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. పల్లెటూరి వాళ్ళు గబగబా పిడకలు ఊడబీకేస్తున్నారు, టౌనులో పుట్టిపెరిగిన ఇద్దరు మాత్రం జేబురుమాళ్ళు వేళ్ళకి చుట్టుకుని నిలబడ్డారు. పాలావిడ బయటికొచ్చి, "ఆయ్, ఒకటి రెండు తీసుకుంటారనుకున్నానండీ, గోడంతా పీకేత్తన్నారేంటండీ బాబూ, పొయ్యిలోకి ఏం పెట్టుకోనండీ నేను" అని అరిచింది. వేళ్ళు లెక్కపెట్టాలని తట్టింది ఒక్క జట్టుకే. వాళ్ళు పీకింది ఒకే ఒక్క పిడక. చీటీ తీసుకుని దాన్ని మళ్ళీ గోడకి ఆనించి, ఆవిడకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.

రెండో చీటీ నాకు అన్నిటికంటే ఇష్టం. మా ఊరికి రెండు రైల్వేస్టేషన్లు, టౌనూ జంక్షనూ. స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు మీద అడుగున చిన్న అక్షరాలతో సముద్రమట్టానికి ఆ చోటు ఎంత ఎత్తో రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? రైలెక్కేవాళ్ళు ఎవరూ చూడరు. ఆ రెండు బోర్డుల మీదున్న ఎత్తులకీ తేడా ఎంత అన్నది ప్రశ్న. ఒక్క స్టేషన్‌కి వెళ్తే చాలదు, జట్టు రెండుగా చీలాలి, లేదా అందరూ రెండు చోట్లకీ తొక్కాలి. ఎవరు చీలతారో ఎవరు చీలరో చూడాలని నా కుతూహలం. స్నేహితులు ఎలా ఆలోచిస్తారో పక్క బెంచీలో మూడేళ్ళు కూర్చున్నా తెలీదు, వాళ్ళకో చిక్కు ఇచ్చి దూరంగా నిలబడితే గంటలో తెలుస్తుంది. ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి, నువ్విటు నువ్వటు అని పంచేసి పంపింది. క్లాసు లీడరు జట్టు ఎవరినీ నమ్మక మొత్తం జట్టుగానే రెండు స్టేషన్లూ తిరిగింది. టౌన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం టికెట్లు కొనుక్కుని బోర్డు దగ్గర గుమిగూడిన పిల్లల్ని చూసి టీసీ గారు వచ్చి ఏంటని అడిగారట, విషయం చెప్తే ఆయనా కళ్ళజోడు సవరించుకుని వాళ్ళతోపాటు చదివి, ఇన్నేళ్ళుగా దీని ముందే తిరుగుతున్నాను ఈ అంకె ఎప్పుడూ చూడలేదమ్మా అన్నారట. మన డెల్టాలో ఆ అంకెలు ఎంత చిన్నవో చూస్తే గోదారికి వరదొచ్చినప్పుడు పెద్దవాళ్ళు ఎందుకంత కంగారు పడతారో అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది అని రేడియోలో విని బట్టీ పట్టినవాళ్ళమే అందరం, మనం నిలబడ్డ నేల ఎంత ఎత్తులో ఉందో మాత్రం చూసుకోలేదు.

ఇక మూడో చీటీ. "పక్షం రోజులు తెల్లబడతాడు, పక్షం రోజులు నల్లబడతాడు, నెత్తిన అన్నం పెట్టే అమ్మని మోస్తాడు. ఈరోజు ఏ రంగులో ఉన్నాడు?"

భీమవరం వాళ్ళకి ఇది చీటీయే కాదు, గునుపూడి సోమారామం. పంచారామాల్లో ఒకటి, చంద్రుడు ప్రతిష్ఠించాడంటారు, అందుకే శివలింగం పౌర్ణమికి తెల్లగా అమావాస్యకి నల్లగా మారుతుందని చెప్తారు. లింగం ఉన్న గర్భగుడికి సరిగ్గా పై అంతస్తులో అన్నపూర్ణమ్మ గుడి. పౌర్ణమి మర్నాడు పెట్టాలని పట్టుబట్టింది ఇందుకే, ఏ నాలుగో రోజో అయితే తెలుపా బూడిదరంగా అని నాతో తగువుకొచ్చేవాళ్ళు. ఇందులో మెలిక ఏంటంటే గుళ్ళోకి వెళ్ళకుండా చెప్పబోయేవాళ్ళు దొరికిపోవాలి. దొరికారు. ఒక జట్టు బయటినుంచే లెక్కేసుకుని, పౌర్ణమి వెళ్ళిపోయింది కాబట్టి కృష్ణపక్షం, కాబట్టి నలుపు అని రాసుకొచ్చింది. ఒక్కరోజులో నలుపెక్కడిదర్రా అంటే, పక్షం మారింది కదా అని వాదన. లోపలికి పంపించాను.

లోపలికి వెళ్ళినవాళ్ళ కష్టాలు వేరు. పూజారిగారు పిల్లలు పొద్దున్నే భక్తిగా వచ్చారని మురిసిపోయి గోత్రనామాలు అడిగి అర్చన మొదలెట్టారు. మధ్యలో లేచి రాలేరు, గడియారం చూస్తే బాగోదు. తీర్థం, శఠగోపం, ఆపైన పులిహోర. ఒక జట్టు పులిహోర రెండోసారి కూడా పెట్టించుకుని చంద్రపుష్కరిణి మెట్ల మీద కూర్చుని తాపీగా తింటోంది. అది చూసి నాకే టెన్షన్. ఆడించేవాళ్ళు ఒక్క మాట అనకూడదు కదా!

బయట పూలమ్మే మామ్మ దగ్గర తర్వాతి చీటీలు పెట్టాను. రంగు సరిగ్గా చెప్పినవాళ్ళకి తలా ఒకటి ఇవ్వమన్నాను. మొదట వచ్చినవాళ్ళు మామ్మా మామ్మా అని రెండు మూరల కనకాంబరాలు కొని బాగా మాట్లాడేసరికి ఆవిడకి ముచ్చటేసి కవర్లన్నీ వాళ్ళ చేతిలో పెట్టేసింది. వాళ్ళు తిరిగిచ్చారా అంటే లేదు, మామ్మ ఇచ్చింది మేం తీసుకున్నాం అన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు తెల్లమొహాలు వేశారు. కార్బన్ పేపరు పెట్టి రాసిన కాపీలు ఇంకొన్ని ఇంట్లో ఉన్నాయి, తమ్ముడు సైకిలు మీద గాల్లో వెళ్ళి గాల్లో వచ్చాడు. ఆ మామ్మని తర్వాత అడిగితే, "పిల్లలు అడిగారు, ఇచ్చాను, కాయితాలే కదమ్మా" అంది.

కాయితాలే కదా అన్న మాట మా అమ్మ కూడా అంది ఆరోజు, ఇంకో సందర్భంలో. ఎవరైనా చిక్కుకుపోతే రూపాయి బిళ్ళ ఫోను నుంచి మా ఇంటికి చెయ్యొచ్చు, అమ్మ దగ్గర ఒక కాయితం ఉంటుంది, దాంట్లో ఒక్కో చీటీకీ ఒక్కో చిన్న ఆధారం రాసి పెట్టాను, అది చదువుతుంది, చదివినందుకు ఆ జట్టుకి పది నిమిషాల జరిమానా. ఇదీ ఏర్పాటు. సాయంత్రం ఇంటికెళ్ళి చూస్తే జరిమానాల కాయితం తెల్లగా ఉంది. ఎవరూ ఫోన్ చెయ్యలేదా అమ్మా అంటే, "చేశారు, పొద్దుట్నుంచీ అదే పని. పాపం ఎండలో తిరుగుతున్నాం పిన్నిగారూ అంటే ప్రాణం ఉసూరుమంది. జవాబే చెప్పేశాను, పది నిమిషాలు రాయనులే బాబూ అన్నాను. కాయితం మీద రాసేదే కదా, దానికేముంది" అంది. ఎవరెవరికి చెప్పిందో పేర్లు అడిగితే అది మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నాలుగో చీటీలో ఒక్క అక్షరం లేదు, బొమ్మలే. ఎడమవైపు ఎద్దుకొమ్ము, కుడివైపు చెట్టు, అడుగున రైలుపట్టాలు. నాకు బొమ్మలు రావు, కొమ్ము కాస్తా అరటిపండులా వచ్చింది, అది వేరే సంగతి. డిస్టింక్షన్ వాళ్ళు పట్టాల్ని వదిలేసి కొమ్మునీ చెట్టునీ పట్టుకున్నారు, పశువుల ఆస్పత్రి ముందు పెద్ద నిద్రగన్నేరు చెట్టుంటే తిన్నగా అక్కడికెళ్ళి చెట్టు చుట్టూ వెతికారు, ఇంజక్షన్‌కి తెచ్చిన గేదె ఒకటి వీళ్ళని చూసి బెదిరి తాడు తెంపుకుందట. స్కూటరు నాన్నగారి జట్టు మాత్రం గుడి ముందే ఆగిపోయి తల పట్టుకుంది. ఆయన అప్పటిదాకా పదడుగుల దూరంలో స్టాండు వేసి, మాకు సంబంధం లేదన్నట్టు పేపరు చదువుకుంటున్నారు. అరగంట అయ్యేసరికి ఆయన వల్ల కాలేదు. పేపరు మడిచి వచ్చి చీటీ అందుకుని చూసి, "కొమ్ము అని ఎందుకనుకుంటారర్రా, శృంగం అనుకోండి. చెట్టు అని ఎందుకు, వృక్షం అనండి. నరసాపురం లైన్లో రోజూ ఆగే స్టేషనే కదర్రా" అన్నారు. శృంగవృక్షం! అంతే, ఆయనే ముందు స్కూటరు స్టార్ట్ చేశారు, వెనకాల పిల్లలు సైకిళ్ళు.

దీని మీద పెద్ద పంచాయితీ అయింది తర్వాత. నాన్నగారు చెప్తే చెల్లుతుందా? రూల్స్ కాయితం తీసి చదివాం. నాన్నలు పనికిరారని ఎక్కడా రాసిలేదు. ఇంకో జట్టులో ఆ ఊరబ్బాయే ఒకడున్నాడు, రోజూ పాసింజర్లో వచ్చేవాడు, వాడు బొమ్మ చూసి, "ఇది మా ఊరు కదే, ఇంత చిన్న బొమ్మేశావేంటే" అని నాతో పోట్లాడాడు.

శృంగవృక్షం దాకా తొక్కడం చాలా బాగుంటుంది. రోడ్డుకి రెండువైపులా దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, ఊడ్పులయ్యి అప్పుడే పచ్చబడి, కాలవ నిండా నీళ్ళు, గట్టు మీద కొబ్బరిచెట్లు. నేనూ మాస్టారూ వాళ్ళకంటే ముందే బస్సులో వెళ్ళి స్టేషన్ దగ్గర టీ కొట్టులో కూర్చున్నాం. దూరం నుంచి వస్తున్న సైకిళ్ళు చూస్తే ఎవరెవరో తెలిసిపోయేది, మా క్లాసులో ఒక్కొక్కరూ తొక్కే తీరు ఒక్కోలా ఉండేది. ఈమధ్య ఆ రోడ్డున వెళ్ళాను, చేలున్న చోట చాలావరకు చేపల చెరువులూ రొయ్యల చెరువులే. ఎకరానికి వచ్చే డబ్బు లెక్క చూస్తే తప్పుపట్టడానికేం లేదు. నాకు మాత్రం చీటీలు ఎక్కడ దాస్తామిప్పుడు అనే అనిపించింది.

టీ కొట్టాయన దగ్గర దొరికిన చీటీ వాళ్ళని మళ్ళీ ఊళ్ళోకి పంపింది, మాస్టారి ఇంటి వరండాకి. అక్కడ బల్ల మీద మా నాన్నగారి పాత సూట్‌కేసు, దానికి మూడంకెల నెంబర్ తాళం. లోపల బహుమతి. పక్కనే అట్టముక్క మీద ఆఖరి ప్రశ్న: "ధవళేశ్వరం దాటిన గోదారమ్మ రెండు పాయలైంది. నరసాపురం వైపు వచ్చినావిడ కాదు, రెండో ఆవిడ. పేరు చెప్తే పెట్టె తెరుచుకోదు, అంకె చెప్పాలి." కింద కటపయాది పట్టిక, దాని కింద ఒక సంస్కృతం ముక్క, అంకానాం వామతో గతిః.

కటపయాది తెలియని వాళ్ళ కోసం చెప్తాను. అక్షరాలకి అంకెలివ్వడం. క నుంచి ఝ దాకా ఒకటి నుంచి తొమ్మిది, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్ళీ ఒకటి నుంచి తొమ్మిది, న సున్నా. ప నుంచి మ దాకా ఒకటి నుంచి అయిదు, య నుంచి హ దాకా ఒకటి నుంచి ఎనిమిది. గుణింతం లెక్కలోకి రాదు. పూర్వం ఖగోళం లెక్కలు శ్లోకాల్లో దాచుకోడానికి వాడేవారని మాస్టారు ఒకసారి క్లాసు అయిపోయాక సరదాగా చెప్పారు, అప్పట్నుంచీ నాకు కనపడ్డ ప్రతి పేరుకీ అంకె కట్టడమే పని. మొదట వసిష్ఠ పెడదామనుకున్నాను, మన పాయ కదా అని. కానీ వసిష్ఠ అని కొందరు రాస్తారు వశిష్ఠ అని కొందరు రాస్తారు, స అయితే ఏడు, శ అయితే అయిదు, తాళం ముందు కూర్చుని వ్యాకరణం మీద కొట్టుకుంటారు. ఇంకో పాయ వైనతేయకి నాలుగంకెలు. గౌతమి కట్టి చూస్తే గ మూడు, త ఆరు, మ అయిదు. కాయితం మీద మూడొందల అరవై అయిదు కనపడగానే నేను గట్టిగా నవ్వేశాను, అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. ఎందుకంటే కటపయాదిలో అంకెల్ని వెనకనుంచి చదవాలి, ఆ సంస్కృతం ముక్క చెప్పేది అదే. అసలు జవాబు 563. కానీ 365 చూసినవాడెవడైనా, ఓహో సంవత్సరానికి రోజులు, ఇదే అని కళ్ళు మూసుకుని నమ్మేస్తాడు.

డిస్టింక్షన్ జట్టు పశువుల ఆస్పత్రి దగ్గర పోయిన టైమంతా తొక్కి తొక్కి సంపాదించుకుని అందరికంటే ముందే వరండాకి చేరింది. వాడు గౌతమి అని ఒక్క క్షణంలో అన్నాడు, పట్టిక చూసి 365 అని ఇంకో క్షణంలో అన్నాడు, చక్రాలు తిప్పాడు. మూడు, ఆరు, అయిదు. తెరుచుకోలేదు. మళ్ళీ తిప్పాడు, ఈసారి ఒక్కో చక్రాన్నీ బొటనవేలితో నొక్కి, అంకె సరిగ్గా గీత మీద నిలబడిందా అని కన్ను దగ్గరగా పెట్టి చూసి. ఉహూ. చొక్కా అంచుతో చక్రాలు తుడిచాడు. సైకిలు చెయిను నుంచి కాస్త నూనె తెచ్చి పెట్టాడు. చివరికి నావైపు తిరిగి, "మీ నాన్నగారి తాళం పాడైపోయిందే" అన్నాడు. నేను మాస్టారి వైపు చూశాను, మాస్టారు చూరు వైపు చూస్తున్నారు.

ఈలోపు రెండో జట్టు వచ్చింది, పిడక తిరిగి గోడకి ఆనించిన జట్టే. అందులో సంగీతం నేర్చుకునే అమ్మాయి ఉంది. (కర్ణాటక సంగీతంలో మేళాలు అనే మూలరాగాలు డెబ్బై రెండు, ఒక్కోదాని వరస నెంబరూ దాని పేరులో మొదటి రెండక్షరాల్లో ఈ కటపయాదిలోనే దాచి ఉంటుంది.) వాళ్ళకీ 365 వచ్చింది, తిప్పబోయింది, ఆగింది. ఆగి, పట్టికని వేలితో చూపిస్తూ తనలో తనే గొణుక్కుంటోంది. నేను అరుగు చివర కూర్చున్నా నాకు వినపడుతోంది. "మేచకల్యాణి. మ అయిదు, చ ఆరు. యాభై ఆరా? కల్యాణి అరవై అయిదో మేళం కదా. మాయామాళవగౌళ, మ అయిదు, య ఒకటి. యాభై ఒకటి కాదు, పదిహేను. ధీరశంకరాభరణం, ధ తొమ్మిది, ర రెండు. తొంభై రెండసలు లేనేలేదు, ఉన్నవే డెబ్బై రెండు. ఇరవై తొమ్మిది." అంతే. లేచి నిలబడి డిస్టింక్షన్‌తో, "కాస్త జరుగు" అంది. అయిదు, ఆరు, మూడు. టక్.

ఆ అమ్మాయికి లెక్కల్లో ఎప్పుడూ అంతంతమాత్రమే మార్కులు. సంస్కృతం ముక్క ఆవిడ అసలు చదవనేలేదు, తర్వాత తనే చెప్పింది. మాస్టారు సంబరం ఆపుకోలేక ఆవిడ చేత కల్యాణిలో కీర్తన పాడించుకుని గానీ వదల్లేదు.

పెట్టెలో ఉన్నది ఆత్రేయపురం పూతరేకులు. మాస్టారి చుట్టాలెవరో వస్తుంటే తెప్పించాను. సూట్‌కేసుని మా తమ్ముడు సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు, దారి పొడుగునా ఎగిరెగిరి పడిందేమో, మూత తీసేసరికి లోపల పూతరేకులు లేవు, బెల్లమూ నెయ్యీ కలిసిన తెల్లటి పొడి ఉంది. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ అందరూ చుట్టూ కూర్చుని వేళ్ళతో అద్దుకుని తిన్నారు. స్కూటరు నాన్నగారు మాత్రం స్పూను అడిగారు. భోజనాల వేళ దాటిపోయి అప్పటికే చాలాసేపయింది, ఏ ఇంటి నుంచీ ఎవరూ వెతుక్కుంటూ రాలేదు, ఎందుకంటే నాలుగైదు ఇళ్ళకి ఆయనే ఫోన్ చేసి, నేనున్నాను కదండీ అని చెప్పారట.

డిస్టింక్షన్ ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు, పిల్లలకి పెళ్ళిళ్ళు చేసే వయసు వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో మాఘ పౌర్ణమి వచ్చిందంటే చాలు, శుభాకాంక్షలు పెట్టడు, 365 అని పెడతాడు. వాడి వాదన ఏంటంటే రెండు అంకెలకీ తెరుచుకునే తాళం పెట్టి ఉండాల్సిందట, అంత సహజమైన అంకెని తప్పనడం అన్యాయమట. రెండు అంకెలకి తెరుచుకునే తాళం ఎక్కడ దొరుకుతుందిరా అని నేను, కమిటీ వెయ్యండి అని ఇంకొకడు. ఈసారి ఎప్పుడూ లేనిది, స్కూటరు నాన్నగారి అమ్మాయి ఆయన గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టింది. పెద్దాయన, మాట కొంచెం తడబడుతోంది కానీ స్పష్టంగానే ఉంది. "అబ్బాయ్, సంస్కృతంలో రాసి మరీ ఇచ్చారు కదయ్యా. చదువుకోవాలి."

వాడు చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు.